ముహూర్తం కాగితం తెచ్చింది నేనే

సంపాదకులకు నమస్కారం.

మా ఇంట్లో పంచాంగం చూడనిదే శుభకార్యం మాట ఎత్తం. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకున్నదాన్ని, ఏడాదికి రెండుసార్లయినా కొండెక్కి దండం పెట్టుకునేదాన్ని. కాబట్టి ఈ లేఖ చదివి దేవుడంటే పడనిదెవరో రాసిందని అనుకోవద్దు. మంచి గడియ చూసుకుని కడుపు కోయించి బిడ్డను తీయించడం మన తిరుపతి, చిత్తూరు వైపు మామూలు సంగతైపోయింది. దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. మా ఇంట్లోనూ జరిగింది గనక చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

నా కూతురికి తొలి కాన్పు. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తెచ్చుకున్నాం. బీపీ లేదు, షుగర్ లేదు, బిడ్డ తల కిందికే ఉంది. డాక్టరమ్మ ఇచ్చిన డేటు దాకా ఆగితే మూలా నక్షత్రం పడే ప్రమాదముందని మా వియ్యంకులు దిగులుపడ్డారు. నేనే పంతులుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన లెక్క కట్టి, తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాల నుంచి 5 గంటల లోపల అని చీటీ రాసిచ్చారు. ఆ చీటీని పసుపు రాసిన కవర్లో పెట్టి ఆసుపత్రిలో ఇచ్చిందీ నేనే. అప్పటికి 37 వారాలు దాటి రెండు రోజులు. ఎవరూ కాదనలేదు. ఎందుకని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆపరేషన్ థియేటర్ లోపల జరిగింది నా కూతురు తర్వాత చెప్పింది. నడుముకు మత్తు సూది వేశారు, కాళ్ళు మొద్దుబారాయి, పొట్టంతా చల్లటి మందు పూశారు. అంతా సిద్ధమయ్యాక అందరూ గోడ గడియారం కేసి చూస్తూ నిలబడ్డారట. బీపీ పడిపోయి తల తిరిగి వాంతయింది. పక్కకు తిరగడానికి లేదు, చేతులు కట్టేసి ఉన్నాయి. "టైమయిందా?" అని ఒకరినొకరు అడుగుతుంటే విందట. బయట మా వియ్యంకుడు సెల్‌ఫోన్లో సెకన్లు లెక్కపెడుతున్నాడు. నేను గోవింద నామాలు చదువుతున్నాను.

అనుకున్న గడియలోనే మనవడు పుట్టాడు. పుట్టిన గంటకల్లా డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టాడు. ఆ వేళకు పిల్లల డాక్టరు లేరు, ఎనిమిదింటికి గానీ రాలేదు. ఆరు రోజులు బాక్సులో పెట్టారు. తల్లి పై అంతస్తులో కుట్ల నొప్పితో, బిడ్డ కింద ముక్కులో గొట్టంతో. ముర్రుపాలు పిండి గిన్నెలో పట్టుకుని ఆ మెట్లు దిగిందాన్ని నేను. ఆ ఆరు రోజుల్లో ఏ గ్రహం ఏ ఇంట్లో ఉందో నాకు గుర్తే రాలేదు.

డిశ్చార్జి నాడు పిల్లల డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరుంటుంది. నొప్పులు మొదలైతే ఆ నీరు ఇంకిపోతూ వస్తుంది, బిడ్డ గాలి పీల్చుకోవడానికి తయారవుతుంది. నొప్పులే రాకముందు, అందునా 39 వారాలు నిండకుండా తీస్తే, ఆయాసం వచ్చే ముప్పు పెరుగుతుంది. అందుకే ఆరోగ్య కారణం లేని ఆపరేషన్ 39 వారాలలోపు పెట్టుకోకూడదని వైద్యశాస్త్రమే చెబుతోందట. ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను ఆ చీటీ చింపేసి ఉండేదాన్ని.

తప్పనిసరి ఆపరేషన్ల జోలికి నేను పోవడం లేదు. గుర్రపువాతం (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్) వచ్చినా, మాయ అడ్డుపడినా, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గినా ఆ కత్తే రెండు ప్రాణాలు నిలబెడుతుంది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే మన దగ్గర 60 దాటింది. అన్నీ ముహూర్తాల వల్లేనని అనను, డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. అయితే ముహూర్తమని మనమే అడిగితే అవతలివాళ్ళకు సాకు కూడా అక్కర్లేదు. పైగా ఒకసారి కోశాక తర్వాతి కాన్పులో మాయ ఆ పాత కుట్ల దగ్గర అతుక్కుపోయే ముప్పు ఉంది, అది ప్రతి కోతకూ పెరుగుతుంది. మంచి జాతకం కోసం మొదటి బిడ్డకు చేసింది రెండో బిడ్డ మెడకు చుట్టుకోవచ్చన్నమాట.

ఇక సంతకాల సంగతి. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అల్లుడు పెట్టాడు, సాక్షిగా నేను పెట్టాను, చూపించిన చోట నా కూతురూ పెట్టింది. నీకిది ఇష్టమేనా అని ఆమెను విడిగా అడిగినవాళ్ళు లేరు. 2008లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసం మత్తిచ్చిన ఒకామెకు, బయట కూర్చున్న ఆమె తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, ఆమె మేజరై ఉండగా, తల్లి ఒప్పుకున్నా చెల్లదని కోర్టు తేల్చింది. ఆ తీర్పు గురించి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. కన్నతల్లి మాట కూడా చెల్లని చోట నేను చీటీ పట్టుకుని నిలబడ్డాను.

"ఇంగో రెండు వారాలు కడుపులో ఉండనిచ్చుంటే ఏమయ్యేది మా?" అని నా కూతురు ఒకే ఒక్కసారి అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

పంతుళ్ళకు నా మనవి ఒకటుంది. పుట్టిన గడియను బట్టి జాతకం రాయడం మన పెద్దలు నేర్పిన విద్య. జాతకం ముందు రాసుకుని దాని ప్రకారం బిడ్డను పుట్టించమని ఏ తాతా చెప్పలేదు. మూల, ఆశ్లేష, జ్యేష్ఠ పడితే నక్షత్ర శాంతి అని పరిష్కారం వాళ్ళే పెట్టారు. కొబ్బరికాయతో, హోమంతో పోయేదానికి కత్తి ఎందుకు? కాన్పుకు ముహూర్తం పెట్టమని ఎవరైనా వస్తే, "బిడ్డ పుట్టాక రండి" అని పంపించండి. మీ మాటకు ఉన్న విలువ మా మాటకు లేదు.

లింగ నిర్ధారణ నేరమని ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా బోర్డు ఉంటుంది. 1994 చట్టం వచ్చాకే ఆ మాట జనానికి నోటికి వచ్చింది. ఆరోగ్య కారణం లేకుండా 39 వారాలలోపు ఆపరేషన్ చేయబోమని పక్కనే ఇంకో బోర్డు, తెలుగులో, సరిహద్దు మండలాల్లో తమిళంలో కూడా పెట్టించమని రెండు జిల్లాల వైద్యాధికారులను కోరుతున్నాను. ఒప్పుదల కాగితం గర్భిణికి, ఇంటివాళ్ళను బయటికి పంపి, ఆమె భాషలో చదివి వినిపించాలి.

మీ పత్రికకూ ఒక మాట. 2024 జనవరి 22న, అయోధ్య ప్రాణప్రతిష్ఠ నాడే కాన్పు కావాలని ఉత్తరప్రదేశ్‌లో గర్భిణులు ఆసుపత్రులను అడిగారని వార్తలు వచ్చాయి. అలాంటి వార్త వేసినప్పుడు ఆ బిడ్డలకు ఎన్ని వారాలు నిండాయో కూడా అడిగి వేయండి.

నా కూతురికి ఇప్పుడు మళ్ళీ ఆరో నెల. మొన్న స్కానింగ్‌లో మాయ పాత కుట్లకు దూరంగానే ఉందన్నారు. మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చా అని డాక్టరమ్మను ఈసారి తనే అడిగింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.

(కూతురి కోసం పేరు ప్రచురించవద్దని మనవి.)

ఒక అమ్మమ్మ,
బైరాగిపట్టెడ, తిరుపతి.