ఆట నియమాలు పిల్లలనే రాయనివ్వండి

పేదరికం, వలసలు, నీటి కొరత వంటి ప్రపంచ సమస్యలపై పిల్లలతో వీధి ఆటలు తయారు చేయించే కార్యక్రమాల్లో పెద్దల జోక్యం మితిమీరుతోంది. ఈమధ్య ఒకటి దగ్గరుండి చూశాను. పదేళ్ల పిల్లలు సుద్దముక్కతో గీతలు గీసి నీళ్ల ఆట కల్పించారు. ఒక జట్టుకు బకెట్ పక్కనే ఉంటుంది, రెండో జట్టుకు వీధి చివర. సమయం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఓడిన జట్టులోని అమ్మాయి "ఇది అన్యాయం, గీత మార్చండి" అని గొడవకు దిగింది. అసలు పాఠం ఆ గొడవలోనే ఉంది! అంతలో నిర్వాహకులు వచ్చి రెండు బకెట్లూ సమాన దూరంలో పెట్టించి, పైగా నీతిబోధ మొదలుపెట్టారు. పది నిమిషాల్లో పిల్లలు జారుకున్నారు (నేనైనా అదే చేసేవాణ్ణి). ఆటతో అసమానతను చూపడం కొత్తేమీ కాదు. అమెరికాలో లిజీ మాగీ అనే ఆటల రూపకర్త 1904లో పేటెంట్ పొందిన 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్', భూమి కొందరి చేతుల్లో చిక్కితే మిగతావాళ్ల గతేమిటో చూపడానికి తయారుచేసిందే. ఆస్తులు కొని అద్దెలు వసూలు చేసే మోనోపొలీ అనే బోర్డు ఆటకు మూలం అదే. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణలో ఆడుకునే హక్కును, 12వ అధికరణలో తమ అభిప్రాయం చెప్పే హక్కును గుర్తించింది. పాఠశాలలు వారానికో పీరియడ్, స్థానిక సంస్థలు నెలకోసారి వాహనాలు రాని ఒక వీధి కేటాయించాలి. సమస్యను పిల్లలే ఎంచుకోవాలి, నియమాలు వాళ్లే మార్చుకోవాలి. పెద్దలు ట్రాఫిక్ సంగతి చూసుకుని, ఆట అయ్యాక "ఎవరికి అన్యాయం జరిగింది?" అని ఒక్క ప్రశ్న అడిగి పక్కకు తప్పుకోవాలి.