కుళాయి నీళ్ళకు ఆ వాసన ఎందుకు?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఒక అమ్మగారు వచ్చి, "స్కూలు నీళ్ళు బ్లీచింగ్ వాసన వస్తున్నాయట మేడమ్, మా వాడు తాగనంటున్నాడు" అన్నారు. మంచి ప్రశ్నే కదా అని మా సైన్సు టీచరు ఆరో తరగతికి దాన్నే పాఠం చేసేశారు.

మనకు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగితే సగం క్లాసు "గండిపేట" అంది. అది తాతల నాటి జవాబు. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) చెరువులు కట్టారు. తర్వాత మంజీరా, సింగూరు వచ్చాయి. ఇప్పుడు హైదరాబాద్ తాగేది ఎక్కువగా కృష్ణా, గోదావరి నీళ్ళు. కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తాయి. గోదావరి నీళ్ళు వచ్చేది ఎల్లంపల్లి నుంచి, అది ఇంకా దూరం.

"నీరు పల్లమెరుగు అంటారు కదా, మరి మెరకకు ఎలా ఎక్కుతాయి?" అని ఒక పాప అడిగింది. నిండుగా ఉన్నా నాగార్జునసాగర్ మట్టం 590 అడుగులే, మన ఊరు దాదాపు 1,700 అడుగుల ఎత్తున ఉంది. మధ్యలో పంపులు తోడుతూనే ఉండాలి. సీసాలో మిగిలిన నీళ్ళు గ్రౌండులో పారబోసే మా పిల్లలకు ఈ లెక్క కాస్త తగిలినట్టే ఉంది.

శుద్ధి ఎలా చేస్తారో చూపించడానికి బురద నీళ్ళ బకెట్టులో పటిక కలిపాం. మట్టి నలుసులు ఒకదానికొకటి అంటుకుని, దూదిపింజల్లా బరువెక్కి కిందికి దిగాయి. మా అమ్మమ్మ కుండలో ఇండుపగింజ అరగదీసి చేసిన పని కూడా ఇదే. ప్లాంటులో ఆ తేటను ఇసుక పొరల్లోంచి వడగట్టి, చివర్లో క్లోరిన్ కలుపుతారు. పైపు దారిలో మురికి సోకినా సూక్ష్మక్రిములు బతక్కుండా, కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. మీ వాడికి వచ్చిన వాసన దానిదే.

క్లోరిన్ పరీక్ష చుక్కలు టీచరే వేశారు. (ఆ నీళ్ళు పారబోశాం, కంగారు పడకండి.) సంపులోకి వచ్చే పైపు నీళ్ళు పసుపుపచ్చగా మారాయి, అంటే క్లోరిన్ ఉన్నట్టే. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మాత్రం తెల్లగానే ఉండిపోయాయి! ఎక్కి చూస్తే మూత పక్కకు జరిగి ఉంది, అడుగున వేలు మందాన మడ్డి. ఎండ తగిలినా, మడ్డి పేరుకున్నా క్లోరిన్ నిలవదు. ఇది పూర్తిగా మా అశ్రద్ధే, క్షమించండి. మీ ఇంటి ట్యాంకు మూత కూడా ఒకసారి చూసుకోండి.

ఈ శనివారం ట్యాంకు కడిగిస్తున్నాం. ఆ రోజు పిల్లలకు ఇంటి నుంచే నీళ్ళ సీసా ఇచ్చి పంపండి. సోమవారం మళ్ళీ చుక్కలు వేస్తాం. ఏ రంగు వచ్చిందో పిల్లలు డైరీలో రాసుకుని వస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు