ఎర్రతోక గప్పీలు కొన్నవాళ్లకు ఒక మాట

గత 3 నెలల్లో నా దగ్గర ఎర్రతోక గప్పీల్లో ఆడవి తీసుకున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మగచేప తగలనివి అని చెప్పి అమ్మాను. ఆ మాట నిజం కాదని తేలింది. కావాలని అబద్ధం చెప్పలేదు గానీ, సరిచూసుకోకుండా చెప్పాను. కొన్నవాళ్లకి రెండూ ఒకటే.

ఒక కస్టమర్ పంపిన ఫొటోతో సంగతి బయటపడింది. తన ఎర్ర మగచేపలతోనే జత కలిపారట, పుట్టిన మగపిల్లల్లో సగానికి తోక మీద నల్ల చుక్కలు. మీ ట్యాంకులోనే ఏదో కలిసి ఉంటుందండీ అన్నాను. (అలా అన్నందుకు ఆయనకి విడిగా క్షమాపణ చెప్పుకున్నాను.) ఆ రాత్రి ఎందుకో మనసొప్పక టార్చిలైటు పట్టుకుని కూర్చుని, నా ఆడచేపల్ని ఒక్కొక్కటిగా గాజుగ్లాసులోకి తీసి చూశాను. పదిహేడోది దొరికింది. ఒంటి మీద రంగు లేదు, చూడటానికి ఆడదే. కానీ పొట్ట కింది రెక్క విసనకర్రలా విచ్చుకోకుండా సన్నటి పుల్లలా వెనక్కి సాగి ఉంది, అంటే అది మగదే. తోకని వెలుతురుకి పెడితే మసగ్గా రెండు నల్ల చుక్కలు.

ఎలా వచ్చిందంటే, నాచు ముద్దలో. కొన్ని నెలల కిందట కలగలుపు గప్పీల ట్యాంకులోంచి కాస్త జావా మాస్ పీకి, ఓసారి దులిపి ఈ ట్యాంకులో వేశాను. అప్పుడే పుట్టిన పిల్ల పావు అంగుళం ఉంటుంది. నాచులో నక్కితే కళ్లకి ఆనదు.

ఒక్క మగచేపకే ఇంత గొడవ ఎందుకంటే, ఆడ గప్పీ ఒకసారి జతకడితే ఆ వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుంటుంది. ఆ తర్వాత మగచేప లేకపోయినా దాదాపు నెలకో ఈత ఈనుతూనే ఉంటుంది. మీరు మంచి మగచేపని వదిలినా, ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలూ ఉండొచ్చు. మగపిల్లలకి రంగులు చాలావరకు తండ్రి వై క్రోమోజోమ్ మీదుగా వస్తాయి కాబట్టి వాటిలో తేడా కనిపిస్తుంది. చిక్కంతా ఆడపిల్లలతోనే. ఏది ఎవరి పిల్లో చూసి చెప్పలేం. అందుకని ఆ ఈతల్లోని ఆడవాటిని ఎర్రతోక రకం కోసం మాత్రం వాడకండి. చేపలుగా వాటికి ఏ లోపమూ లేదు, కలగలుపు ట్యాంకులో హాయిగా బతుకుతాయి. వద్దనుకుంటే నాకే వెనక్కి ఇచ్చేయండి. చెరువులోనో కాలవలోనో మాత్రం వదలొద్దు, చూలుతో ఉన్నది ఒక్కటి చాలు అక్కడంతా నిండిపోవడానికి.

డబ్బు కావాలంటే డబ్బు, చేపలు కావాలంటే చేపలు. ఫొటోలు, రుజువులు ఏమీ అడగను. చేపలు కావాలనుకునేవాళ్లు మాత్రం కనీసం 5 నెలలు ఆగాలి. ఆ ట్యాంకులోని ఆడవన్నిటినీ కలగలుపులోకి మార్చేశాను. వేరే ట్యాంకులో మొదట్నుంచీ విడిగా ఉన్న ఒక మగ, రెండు ఆడచేపలతో మళ్లీ మొదలుపెడుతున్నాను. ఈనడానికి నెల. పిల్లలకి మూడు నాలుగు వారాలు వచ్చేసరికి ఆడవాటికి పొట్ట వెనక నల్ల మచ్చ కనబడుతుంది, అప్పుడు వేరు చేయాలి. ఆరో వారంలో టార్చిలైటుతో ఇంకోసారి చూడాలి, ఎందుకంటే ఆలస్యంగా ఎదిగే మగవి మొదటిసారి తప్పించుకుంటాయని ఇప్పుడు బాగా తెలిసొచ్చింది. ట్యాంకుల మధ్య నాచు మార్చడం ఇక బంద్.

మోలీలు, ప్లాటీలు వేరే ట్యాంకుల్లో ఉన్నాయి, వాటికి దీంతో సంబంధం లేదు. ఆర్డర్లు మామూలే. నిండు పొట్టతో ఉన్నవి పంపమని మాత్రం అడగొద్దు, ప్రయాణం టెన్షన్‌కి దారిలోనే నెలలు నిండకుండా ఈనేస్తాయి.

ఇంకో సాయం కావాలి. మూడు చేపల నుంచే రకాన్ని నిలబెడితే నాలుగైదు తరాలకి వెన్ను వంకర పిల్లలు మొదలవుతాయేమోనని భయంగా ఉంది. పోయినేడాది నా దగ్గర ఎర్రతోకలు తీసుకుని, వేటితోనూ కలపకుండా పెంచుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఒక మగచేపని ఇప్పించండి. బదులుగా మీకు ఏ చేప కావాలంటే అది ఇస్తాను.