తెల్లబట్ట గురించి ఒక్క మాట అడగండి

సంపాదకులకు నమస్కారం.

మా పెద్దమ్మాయి ఏడో నెలలో సీమంతం అయ్యాక పుట్టింటికి వచ్చింది. వచ్చిన వారానికే, నేను వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు చూసి, "అమ్మా, తెల్లబట్ట బాగా అవుతోంది, దురదగా కూడా ఉంది" అని గొంతు తగ్గించి చెప్పింది. "వేడి చేసి ఉంటుందిలే, కడుపుతో ఉన్నప్పుడు అందరికీ ఉండేదే" అన్నాను. బార్లీ నీళ్లు కాచిచ్చాను, సబ్జా గింజలు నానబెట్టాను. మా అమ్మ నాకు చెప్పిందీ అదే. పిల్ల ఇంక ఆ మాట ఎత్తలేదు. కొన్నాళ్లకి బాత్‌రూంలో మగ్గు పక్కన గాయాలు కడిగే యాంటీసెప్టిక్ సీసా కనిపించింది. రోజూ వేడినీళ్లలో అది కలిపి కడుక్కుంటోందట, శుభ్రంగా ఉంటే తగ్గుతుందని.

ఎనిమిదో నెల సగంలో ఒక తెల్లవారుజామున ఉమ్మనీరు పోయింది. నెలలు నిండకుండానే కాన్పు అయింది. కిలో ఎనిమిది వందల గ్రాముల బిడ్డ, పద్దెనిమిది రోజులు అద్దాలపెట్టెలో ఉంది. ఇప్పుడు మనవరాలు బోర్లా పడుతోంది, బాగానే ఉంది. ఇదంతా ఆ ఇన్ఫెక్షన్ వల్లేనా అని అడిగితే డాక్టరమ్మ, "అదే అని కచ్చితంగా చెప్పలేనమ్మా, కారణాల్లో అదొకటి కావచ్చు, ముందే చెప్పి ఉంటే చూసేవాళ్లం కదా" అంది. ఆ "ముందే చెప్పి ఉంటే" అన్న మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

కానీ ఎక్కడ చెప్పాలండీ? చెకప్‌కి రెండుసార్లు నేనే వెంట వెళ్లాను. ఒకటే బల్ల, దాని చుట్టూ ఆరేడుగురు గర్భిణులు, వాళ్ల అత్తగార్లు, గుమ్మంలో మగవాళ్లు. పొద్దున్నుంచీ నిలబడే ఉన్న నర్సమ్మ బరువెంత, బీపీ ఎంత, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా, బిడ్డ కదులుతోందా అని అడిగి, కార్డులో రాసేసి, తర్వాతి పేరు పిలిచింది. దురద ఉందా, వాసన వస్తోందా అని ఎవరూ అడగలేదు. అడిగినా అంతమందిలో మా పిల్ల నోరు విప్పేది కాదు.

ఆసుపత్రి వరండాలో గడిపిన ఆ పద్దెనిమిది రోజుల్లో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది కాబట్టి నాకు తెలిసింది, కడుపుతో ఉన్నప్పుడు తెల్లబట్ట కాస్త ఎక్కువ కావడం మామూలేనని, పాలలా పల్చగా వాసన లేకుండా ఉంటే భయపడక్కర్లేదని. విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా వస్తూ దురద చంపేస్తుంటే అది ఎక్కువగా క్యాండిడా అనే ఫంగస్ పని. బూడిదరంగులో నీచు వాసన వస్తే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అట. నెలలు నిండకుండా కాన్పు కావడానికీ, ఉమ్మనీరు ముందే పోవడానికీ దీనికీ సంబంధం ఉందంటారు. పచ్చగా నురగతో వచ్చేది ఇంకొకటి ఉంది, ట్రైకోమొనాస్, అది కలయిక వల్ల అంటుకునేది, భర్తకి కూడా మందు వాడకపోతే మళ్లీ వస్తుంది. ఇన్నిటికీ కలిపి మనం పెట్టుకున్న పేరు "వేడి". అన్నట్టు, నీళ్లలా కారుతుంటే మాత్రం తెల్లబట్టే అనుకుని ఊరుకోకండి, అది ఉమ్మనీరు కావచ్చు, ఆ క్షణమే ఆసుపత్రికి బయల్దేరండి.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించింది ఆ యాంటీసెప్టిక్ సంగతి. యోనిలో మంచి బ్యాక్టీరియా ఉంటాయట, మనింట్లో పాలని పెరుగు చేసే వాటి బంధువులే, ల్యాక్టోబాసిలై అంటారు. అవి లోపల పులుపు నిలబెట్టి (పీహెచ్ 3.8 నుంచి 4.5 దాకా) చెడ్డవాటిని పెరగనివ్వవు. లోపలిదాకా మందునీళ్లతో కడిగితే ముందు పోయేవి అవే. యాంటీబయాటిక్స్ వాడినా తగ్గిపోతాయి. మా అమ్మాయికి ఐదో నెలలో యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే కోర్సు వాడారు. పైగా షుగర్ ఉంటే ఫంగస్‌కి పండగే. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలాగి చేసే పరీక్షని వాంతొస్తుందని చాలామంది ఎగ్గొడతారు, దయచేసి ఎగ్గొట్టకండి. దానిలో 140 దాటితే జాగ్రత్తపడాలి.

మా అల్లుడు మెడికల్ షాపులో దురద అని చెప్పి ఒకే ఒక్క మాత్ర తెచ్చాడు. చేదని మా పిల్ల వేసుకోలేదు, అదృష్టం. అది ఫ్లూకనజోల్, గర్భిణులకు నోటి ద్వారా ఇవ్వకుండా చూస్తారట, బదులుగా లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు ఏడు రోజులు వాడమంటారట. షాపులో ఆమె కడుపుతో ఉందా అని కూడా అడగలేదు.

ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు, 2016 నుంచీ జరుగుతున్నదే. నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. ఆ రోజు ఒక మూల ఒక తెర కట్టండి. అత్తనీ అమ్మనీ బయట ఉంచి, ఆ పిల్లని ఒక్కదాన్నే తెర వెనక్కి పిలిచి తెల్లబట్ట ఎలా ఉందని అడగండి. ఆశా అక్కలు ఇళ్లకు వెళ్లినప్పుడు కూడా అడగాలి. మీ పత్రికలో కూడా "స్త్రీల సమస్యలు" అని దాటెయ్యకుండా ఉన్న పేరుతోనే రాయండి, మాలాంటి అమ్మలు చదువుతాం.

మా చిన్నమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. ఈ 9వ తారీకున నేనూ మా వియ్యపురాలూ వెంట వెళ్తాం, వెళ్లి వరండాలోనే కూర్చుంటాం. డాక్టరమ్మతో తను ఒక్కతే మాట్లాడుకుంటుంది.

– ఒక అమ్మమ్మ, తణుకు