నా తెలుగు సంతకం చెల్లుతుందట!

ఇంగ్లండ్,
2023 అక్టోబర్ 15, ఆదివారం

ఒరే జూన్ కవలా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. కోపం వచ్చే ఉంటుంది, క్షమించు. వరసగా రాత్రి డ్యూటీలు, మధ్యలో చంటిదానికి జ్వరం. ఇప్పుడు తగ్గింది. ఇల్లు మారాం, కొత్త చిరునామా కవరు వెనుక రాశాను. నిన్న మా ఆవిడ ఇక్కడి మనవాళ్లతో ఎంగిలిపూల బతుకమ్మ ఆడి వచ్చింది. తంగేడు లేదు, గునుగు లేదు, చామంతులతోనే పేర్చారట. ఇంటి కబుర్లు ఇంతే. ఇక అసలు సంగతి. శుక్రవారం నుంచి ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది, చెబితే నీకే చెప్పాలి.

ఇక్కడ నాకు ఓటుందని నీకు ఎప్పుడైనా రాశానా? కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తుంటే చాలు, పార్లమెంటు ఎన్నికల్లో సైతం ఓటు వేయవచ్చు. మన భారత పాస్‌పోర్టు మన దగ్గరే ఉంటుంది, ఓటూ ఉంటుంది. నాలుగేళ్లు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మా ఆసుపత్రి వార్డులో పనిచేసే మలయాళీ అక్క చెబితే తెలిసింది. ఇప్పటికీ ఇక్కడి తెలుగు ఇళ్లలో అడిగి చూడు, సగం మంది ‘మనకెక్కడిది?’ అంటారు. వింటే బాధగా ఉంటుంది.

ఇక్కడ పోస్టు ద్వారా ఓటు వేయడానికి కారణం చూపించనక్కర లేదు, కావాలంటే ఇస్తారు. ఇంటికి బ్యాలెట్ వస్తుంది. గుర్తు పెట్టి ఒక కవరులో మూస్తాం. సంతకం, పుట్టిన తేదీ ఉన్న ప్రకటనతో కలిపి దాన్ని ఇంకో పెద్ద కవరులో పెట్టి డబ్బాలో వేస్తాం. కానీ ఆ ఓటు అడగడానికి మాత్రం ఇన్నాళ్లూ కాగితం ఫారమే దిక్కు. ఓటరుగా నమోదు కావడం 2014 నుంచి ఆన్‌లైన్‌లో ఉంది, పోస్టల్ ఓటు దరఖాస్తు లేదు. ఫారం అచ్చు తీయాలి, కలంతో సంతకం చేయాలి, పంపాలి. మొన్న ఏప్రిల్‌లో నేను చేయలేకపోయింది అదే. ఇంట్లో ప్రింటర్ లేదు, నాకు సెలవున్న రోజున లైబ్రరీ లేదు. ఇవాళ, రేపు అంటూ ఉండగానే గడువు దాటింది. పోలింగ్‌కు పదకొండు పనిదినాల ముందు సాయంత్రం ఐదుతో సరి.

పోలింగ్ రోజు, మే 4న, పొద్దున ఏడింటికి వార్డులోకి వెళ్లాను. నా తర్వాత రావలసిన మనిషి రాలేదు. మంచాల మీద రోగులను వదిలి ఎలా వస్తాను? బయటపడేసరికి రాత్రి పదిన్నర. పోలింగ్ పదికే ముగుస్తుంది. ఇంటికి వచ్చే దారిలోనే మా కేంద్రం. లోపల దీపాలు వెలుగుతున్నాయి, ఇద్దరు బల్లలు మడిచి సర్దుతున్నారు. జేబులో పాస్‌పోర్టు పెట్టుకుని అలా చూస్తూ నిలబడ్డాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు రా.

అందుకే లైబ్రరీ గోడ మీద కాగితం కనిపించగానే ఆగాను. పోస్టల్ ఓటుకు ఆన్‌లైన్ దరఖాస్తు తయారు చేస్తున్నారట, దాన్ని వాడి చూసి చెప్పే మామూలు మనుషులు కావాలట. వెంటనే పేరిచ్చాను. శుక్రవారం డ్యూటీ దిగి, మొహం కడుక్కుని నేరుగా అక్కడికే వెళ్లాను.

చిన్న గది, ఒక కంప్యూటర్, నోటుపుస్తకంతో ఒక అమ్మాయి. ‘మేం పరీక్షిస్తున్నది ఫారాన్ని, మిమ్మల్ని కాదు. చేస్తున్నప్పుడు మనసులో వచ్చినదంతా పైకి చెప్పండి’ అంది. నాకు మనసులో వచ్చేదంతా తెలుగులోనే! మొదటి రెండు పేజీలు నోరు పెగలలేదు. పేరు, చిరునామా అయ్యాయి. తర్వాత నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు. ఇక్కడ ఉద్యోగం చేసే ప్రతివాడికీ ఉండేదే, ప్రభుత్వ రికార్డులతో సరిచూసి మనిషి ఎవరో నిర్ధారించుకుంటారు. పరీక్ష కాబట్టి వాళ్లే ఒక ఉత్తుత్తి నంబరు ఇచ్చారు.

తర్వాత పుట్టిన తేదీ. చేయి ఆగిపోయింది. ఎందుకో నీకు చెప్పాలా? పెద్ద సారు, ఆ చెక్క కుర్చీ, ‘వీడిదీ జూన్ పదే రాసుకో’! ఆ అమ్మాయి అది గమనించి ఎందుకు ఆగారని అడిగింది. మా బడిలో ఒకే వరసలో కూర్చున్న తొమ్మిది మందిమి ఒకే రోజున పుట్టామని, మా అమ్మ లెక్క ప్రకారం నేను వినాయక చవితి తర్వాత మూడో రోజు పుట్టానని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, శ్రద్ధగా రాసుకుంది. ఎందుకంటే ఓటు పంపేటప్పుడు రాసే తేదీ, దరఖాస్తులోని తేదీ కలవకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు. ‘మీలాంటివాళ్లు ఇంకా ఉంటారా?’ అంది. మా దేశంలో ఊరూరా ఉంటారని చెప్పాను.

ఇక సంతకం. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో సంతకం చేసి, ఫోటో తీసి ఎక్కించాలి. మొదటి ఫోటోలో నా చేతి నీడ పడింది. రెండోసారి కిటికీ దగ్గరికి వెళ్లాను. కాగితం మీద కలం పెట్టాక అప్పుడు... నాకు మీ బాపు గుర్తుకొచ్చారు రా. మీ అరుగు మీద మన పలకలు లాక్కుని సంతకం నేర్చుకున్న ఆ ఎండాకాలం. ‘ఇక వేలు నల్ల చేసుకోను’ అని ఎంత పట్టుగా దిద్దేవారు! నేను తెలుగులో సంతకం మొదలుపెట్టింది ఆయనను చూసే. ఇక్కడికి వచ్చాక ఎక్కడ ఏం అంటారోనని అక్కడక్కడా ఇంగ్లీషులో గీకుతూ వచ్చాను. ఆ రోజు మాత్రం తెలుగులోనే చేశాను, ఆ పొడుగు తోకతో సహా. ‘ఇది చెల్లుతుందా?’ అని అడిగాను. ‘మీరు ఎప్పుడూ చేసేది ఇదే అయితే ఇదే మీ సంతకం. ఏ లిపి అయినా ఫర్వాలేదు, ప్రతిసారీ ఒకేలా ఉండాలి’ అంది. ఏమని రాసి ఉందని అడిగింది. అక్షరం అక్షరం చదివి చెప్పాను. గొంతు బొంగురుపోయింది.

‘ఎప్పుడూ చేసే సంతకమే చేయండి’ అనే మాటను ఇంకా పెద్దగా పెట్టమని, ఇకముందు ప్రతి ఓటుకూ దీనితోనే పోల్చి చూస్తారని అక్కడే చెప్పమని గట్టిగా అన్నాను. చేతులు వణికే పెద్దవాళ్ల గురించీ అడిగాను. వైకల్యం వల్ల ఒకేలా సంతకం చేయలేనివాళ్లకు మినహాయింపు ఉందట. కాగితం ఫారమూ ఉంటుందట. ఉండి తీరాలి, ఫోను లేనివాళ్లు మా వార్డు నిండా ఉన్నారు.

చివర్లో ‘మీ దరఖాస్తు అందింది’ అని తెర మీద పడింది. పరీక్షే, అంతా చెరిపేస్తారని తెలుసు. అయినా ఆ బల్లలు మడిచిన రాత్రి బరువు కొంత దిగింది. ఈ నెల 31 నుంచి అందరికీ తెరుస్తున్నారు, ఆ రోజే నిజంగా చేస్తాను. మూడేళ్లకు మించి చెల్లదు, మళ్లీ అడగాలి. పరవాలేదు, అడుగుతాను.

మన ఊరి ఓటు సంగతి తలచుకుంటే మాత్రం... ప్రవాసులు 6ఎ ఫారంతో నమోదు కావచ్చు, కానీ పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా బూత్‌కు రావాలి. నవంబర్ 30న అక్కడి పోలింగ్‌కు నేనెక్కడ రాగలను?

అన్నట్టు బాపుకు ఎనభై మూడు కదా! ఎనభై దాటినవాళ్లు ఈసారి ఇంట్లోనే ఓటు వేయవచ్చు. 12డి ఫారం అడుగు. నోటిఫికేషన్ నవంబర్ 3న, తర్వాత ఐదు రోజుల్లోపే ఇవ్వాలి. అది తీసుకుంటే ఇక బూత్‌లో వేయనివ్వరు. ఆయనకు ఇస్త్రీ పంచె కట్టి బూత్‌కు వెళ్లడమే ఇష్టమైతే... ఆయననే అడుగు, నువ్వు నిర్ణయించకు.

ఆ సంతకం కాగితం అడిగి తెచ్చుకున్నాను. ఇందులో పెడుతున్నాను, బాపుకు చూపించు. అరుగు మీద వెలుతురులో చూపించు, కళ్లు సరిగా... అయ్యో, ఏడైంది, బస్సుకు పది నిమిషాలే ఉంది. నీ పొలం కేసు గురించి అడగనే లేదు, వెంటనే రాయి.

నీ
జూన్ కవల