ఒక్కరికైనా చెప్పు చిట్టీ

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టీ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చదివాను. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఆ టైమ్‌కి నువ్వు అమెరికా వాళ్ల కాల్‌లో ఉంటావు, లేకపోతే పడుకుని ఉంటావు. పడుకుంటే నిన్ను లేపబుద్ధి కాలేదు. అందుకే కాగితం, పెన్ను తీసుకున్నాను. హాస్టల్లో ఉన్నప్పుడు సెలవులకి ఇళ్లకెళ్లి ఒకరికొకరం రాసుకునేవాళ్లం గుర్తుందా, అలాగే రాస్తాను. ఒక్కసారే చదవక్కర్లేదు, ఓపిక ఉన్నప్పుడు కాస్త కాస్త చదువుకో.

ఎనిమిదో వారం అన్న మాట చదవగానే కళ్లల్లో నీళ్లొచ్చాయే. ఎవరికీ చెప్పొద్దన్నావని మా ఆయనకి కూడా చెప్పలేదు. అమ్మకి మాత్రం చెప్పాను. ఎందుకు చెప్పానో చివర్లో రాస్తాను, అప్పటిదాకా కోప్పడకు.

నువ్వు రాసిన ఒక మాట మాత్రం రాత్రంతా నన్ను వదల్లేదు. స్కాన్ బాగుంది, వాంతులు కూడా పెద్దగా లేవు, అయినా మధ్యాహ్నం రెండయ్యేసరికి తల నిలబడటం లేదు, నేను బద్ధకస్తురాలిని అయిపోతున్నానా అని అడిగావు. కాదే తల్లీ. నాకు ఇప్పుడు పదహారో వారం. రెండు నెలల కింద నేనూ అద్దం ముందు నిలబడి నన్ను నేను ఇదే ప్రశ్న అడిగాను. మా డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఈ నెలల్లో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ బాగా పెరుగుతుందట, దాంతోనే ఎప్పుడూ నిద్రమత్తుగా ఉంటుంది. ఒంట్లో రక్తం ఇప్పట్నుంచే పెరగడం మొదలై, కాన్పు నాటికి మామూలుగా ఉండేదానికంటే దాదాపు సగం ఎక్కువవుతుంది. గుండె ఆ పని ఇప్పుడే అందుకుంటుంది. బీపీ కొంచెం తగ్గుతుంది, అందుకే కుర్చీలోంచి గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. వీటన్నిటికీ తోడు బిడ్డకి అన్నం పెట్టే మాయ ఈ మూడు నెలల్లోనే తయారవుతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఆఫీసులో అందరూ నువ్వు ఊరికే కుర్చీలో కూర్చున్నావనే అనుకుంటారు. లోపల మాత్రం నీ ఒళ్లు రాత్రీపగలూ పని చేస్తోంది.

పొట్ట కనిపించాక అందరూ లేచి సీటిస్తారు, సంచి అందుకుంటారు. అసలు సాయం కావాల్సింది ఇప్పుడు. ఇప్పుడేమో మనం మూడో నెల దాటేదాకా నోరు విప్పం. నీకు చెప్పాలని కూర్చున్నది ఈ ఒక్క సంగతే.

నా సంగతి చెప్తాను విను. బ్యాంకులో నాది క్యాష్ కౌంటర్ అని నీకు తెలుసుగా. రోజూ కాకినాడ నుంచి పిఠాపురం బస్సు, పది గంటలకి సీట్లో ఉండాలి. ఆరో వారం నుంచి నోట్ల వాసన పడేది కాదు. పాత పది రూపాయల నోట్లకి ఒక మాగిన వాసన ఉంటుంది. చేపలమ్ముకునే ఆడవాళ్లు కొంగులో కట్టుకొచ్చే నోట్లకి ఇంకో వాసన. పాపం వాళ్లు తెల్లవారుజామున లేచి కష్టపడి తెచ్చిన డబ్బు అది, వాళ్ల ముందు మొహం చిట్లించకూడదని ఊపిరి బిగబట్టి లెక్కపెట్టేదాన్ని. సొరుగులో ఒక నిమ్మకాయ పెట్టుకున్నాను. మనిషికీ మనిషికీ మధ్య దాని తొక్క గోరుతో గీరి, వేలు ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. సాయంత్రానికి ఆ కాయ నిండా గోటి గాట్లే.

ఆ నెల మొదటి వారంలో పెన్షన్ల రద్దీ. సాయంత్రం క్యాష్ ట్యాలీ చేస్తే ఐదు వేలు తక్కువ వచ్చింది. మూడుసార్లు లెక్కపెట్టాను. ఎవరికో ఐదు వందల నోట్లు పది ఎక్కువ ఇచ్చేసి ఉంటాను, ఎవరికిచ్చానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తక్కువ పడితే క్యాషియరే ఆ రోజుకారోజు కట్టుకోవాలి, కట్టేశాను. డబ్బు పోయిందని కాదు గానీ, ఏడేళ్లలో ఒక్క రూపాయి తేడా రాని చెయ్యి అది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను.

అప్పటికి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఎందుకో నీకు తెలుసు. రెండేళ్ల కిందటి సంగతి నీకు కూడా నెల తర్వాతే చెప్పాను. అప్పుడు తొమ్మిదో వారంలో పోయింది. ఉన్నట్టు ఎవరికీ చెప్పలేదు కాబట్టి, పోయినట్టు కూడా ఎవరికీ చెప్పలేకపోయాను. జ్వరమని మూడు రోజులు సెలవు పెట్టి, నాలుగో రోజు అదే కౌంటర్లో కూర్చుని నోట్లు లెక్కపెట్టాను. ఇది చదివి నువ్వు భయపడతావేమోనని రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. భయపడకు. తొలి నెలల్లో అలా పోయేవాటిలో చాలా వాటికి కారణం బిడ్డ రూపు కట్టేటప్పుడు క్రోమోజోముల్లో వచ్చే తేడానే తప్ప మెట్లెక్కడమో, ఆఫీసులో కూర్చోవడమో కాదని డాక్టరమ్మ నాకు రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పినప్పుడు గానీ నేను నమ్మలేదు. దాచిపెట్టినందువల్ల అప్పుడు నాకు ఒరిగింది ఏమీ లేదు, ఒంటరిదాన్నయ్యాను అంతే. అందుకే రాస్తున్నాను.

ఐదు వేలు తక్కువ పడ్డ మర్నాడు బ్రాంచి తలుపులు తీయకముందే మా ఆఫీసర్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. "మేడమ్, నాకు తొమ్మిదో వారం. క్యాష్ చూడలేకపోతున్నాను. ఇంకెవరికీ తెలియకూడదు" అన్నాను. అంతకంటే మాట రాలేదు. ఆవిడ తాళాలు బల్ల మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుని, "నిన్ననే చెప్పుంటే నిన్ననే మార్చేదాన్ని కదమ్మా" అంది. ఆ రోజు నుంచే నన్ను పాస్‌బుక్కులూ కొత్త ఖాతాలూ చూసే సీట్లోకి మార్చింది. మిగతావాళ్లకి సీట్లు మార్చే టైమ్ వచ్చిందని చెప్పింది. రికార్డ్ రూమ్‌లో ఒక కుర్చీ, కాళ్లు పెట్టుకోవడానికి ఒక స్టూలు వేయించింది. భోజనం అయ్యాక అక్కడ ఇరవై నిమిషాలు కళ్లు మూసుకునేదాన్ని. ఆ ఇరవై నిమిషాలే నన్ను సాయంత్రం దాకా నిలబెట్టాయి.

నీకూ అలాంటి మనిషి ఒకరు కావాలి. మీ మేనేజరే కానక్కర్లేదు. నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ టీమ్ లీడ్ అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి అన్నావుగా, ఆమెకి చెప్పి చూడు. "అలసటగా ఉంది" అంటే ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదు, ఏం కావాలో తేల్చి అడుగు. రాత్రి తొమ్మిదిన్నర కాల్ ఈ ఐదారు వారాలు వేరేవాళ్లు చూడాలి, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని, మధ్యాహ్నం అరగంట మీటింగులు ఉండకూడదు. ఈ మూడూ అడుగు, రెండు దొరికినా మేలే. బుర్ర పెట్టి చెయ్యాల్సిన పని పొద్దున్నే ముగించుకో, మెయిళ్లు చూసుకోవడం లాంటివి మధ్యాహ్నానికి ఉంచుకో.

హక్కుల సంగతి కూడా తెలుసుకుని ఉండు. ప్రసూతి సెలవు 26 వారాలని అందరికీ తెలుసు. 1961 నాటి చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకి 12 వారాలున్నదాన్ని 26 చేశారు. అందులో 8 వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. గర్భం వల్ల ఒంట్లో బాగోకపోతే డాక్టర్ కాగితం చూపించి జీతంతో ఇంకో నెల దాకా అడగొచ్చు. గర్భం పోయినా జీతంతో ఆరు వారాల సెలవుంది. నేను నాలుగో రోజున కౌంటర్లో కూర్చున్నప్పుడు ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికైనా తెలిస్తే కదా.

ఇక తిండి. పక్క మీద నుంచి లేవకముందే నోట్లో ఏదో ఒక పొడి పదార్థం వేసుకో. నేను తలగడ పక్కన డబ్బాలో మరమరాలు పెట్టుకునేదాన్ని. కడుపు ఖాళీగా ఉంటే వికారమూ నీరసమూ రెండూ ఎక్కువవుతాయి, అందుకని రెండు మూడు గంటలకోసారి ఏదో కొంచెం తిను. నాకు పెరుగన్నం, ఉప్మా, అరటిపండు ఇమిడేవి. తాలింపు వాసన అసలు పడేది కాదు. మా ఆయన నేను బస్సు దిగేలోపే వంట ముగించి, కిటికీలన్నీ తీసి పెట్టేవాడు. కూరలు ఒక్కోరోజు బాగుండేవి, ఒక్కోరోజు ఉండేవి కాదు, నాకు రెండూ అమృతమే. అన్నయ్యకి కూడా ఈ పని అప్పజెప్పు, మొహమాటపడకు. కాఫీ పూర్తిగా మానక్కర్లేదు గానీ చిన్న గ్లాసులు రెండు దాటనివ్వకు. రోజుకి 200 మిల్లీగ్రాముల కెఫీన్ మించొద్దంటారు. నిద్ర ఆపుకోవడానికి సాయంత్రం కాఫీ తాగితే రాత్రి నిద్ర కూడా పోతుంది.

అలసట అంతా గర్భం వల్లేనని వదిలెయ్యకు. రక్తపరీక్ష చేయించుకున్నావో లేదో నువ్వు రాయలేదు. నా హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది, గర్భిణికి 11 ఉండాలి. ఇది నా ఒక్కదాని గొడవ కాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. థైరాయిడ్ తక్కువున్నా ఇలాగే ఒళ్లు లాగేస్తుంది, అది కూడా చూపించుకో. ఫోలిక్ యాసిడ్ ఇప్పుడు ఒక్కరోజు కూడా మానొద్దు. ఐరన్ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్ చెప్తారు. మొదలుపెట్టాక టీ కాఫీలతో మాత్రం వేసుకోకు, ఒంటికి పట్టదు. నేను నిమ్మరసంతో వేసుకుంటున్నాను. నెల తిరిగేసరికి 10.6కి వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం తగ్గింది.

రక్తం కనిపించినా, పొత్తికడుపులో బాగా నొప్పొచ్చినా, స్పృహ తప్పినా, జ్వరమొచ్చినా, మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్లిపో. అర్ధరాత్రైనా సరే, నాకు కూడా ఫోన్ చెయ్యి.

మీ అత్తయ్యగారు "మా రోజుల్లో ఇన్ని అలసటలు లేవు" అన్నారని బాధపడ్డావు. మా అత్తగారూ మొదట్లో అదే మాట అన్నారు. మా ఆయన కడుపులో ఉన్నప్పుడు నాట్లకి వెళ్లానని చెప్పేవారు. నేనేమీ ఎదురు చెప్పలేదు. ఒకరోజు సాయంత్రం నా కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని నొక్కుతూ తనే అన్నారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట చేలో నడుం నిలబడేది కాదట. తోటికోడలు ఆవిణ్ణి గట్టు మీద తాటిచెట్టు నీడన పడుకోబెట్టి, ఆవిడ వరస కూడా తనే నాటేదట. "అది చెయ్యబట్టి గడిచిందమ్మా" అన్నారు. ఆ తోటికోడలు ఇప్పుడు లేరు. చెప్తూ చెప్తూ కళ్లు తుడుచుకున్నారు. ఓపిక ఉన్న రోజు మీ అత్తయ్యగారి పక్కన కూర్చుని, అప్పట్లో మీకు తోడెవరున్నారండీ అని అడిగి చూడు.

నాకిప్పుడు ఎలా ఉందో రాయలేదు కదూ. పదమూడో వారం దాటాక ఒకరోజు పొద్దున్న అలారం కంటే ముందే మెలకువ వచ్చింది, ఆకలేసింది. ఇంట్లో తాలింపు వేస్తున్నారు, ఆ వాసనకి లేచి వంటింట్లోకి వెళ్లాను. అందరికీ ఇదే వారంలో తేలికవుతుందని కాదు, కానీ చాలామందికి ఆ దరిదాపుల్లోనే అవుతుందట. నీకింకా ఐదారు వారాలుంది. ఈలోగా ఇల్లు చిందరవందరగా ఉంటే ఉండనీ, తొమ్మిదింటికి పడుకో.

అమ్మకి ఎందుకు చెప్పానంటావా? మన వైపు మూడో నెలలో దొంగ చలిమిడి పెడతారు చూడు, ఊళ్లో ఎవరికీ తెలియకుండా తల్లి కూతురికి పెట్టేది. నాకు పదో వారంలో అమ్మ సామర్లకోట నుంచి బస్సులో సంచి అడుగున పెట్టుకుని తెచ్చింది. తడిపిండి ఎప్పుడు దంచిందో, పాకం ఎప్పుడు పట్టిందో నాన్నకి కూడా తెలియదు. కొబ్బరి ముక్కలూ గసగసాలూ వేసిన ఆ ముద్ద ఇంకా వెచ్చగానే ఉంది. తలుపు దగ్గరికి వేసి నా కొంగులో పెట్టి, నోట్లో కొంచెం పెట్టింది. ఎవరికీ తెలియకూడని రోజుల్లో కూడా తెలిసిన మనిషి ఒకరుండాలని మన పెద్దవాళ్లకి తెలుసనిపించింది నాకు. మీ అమ్మగారు ఉండుంటే నీకూ ఈ పాటికి పిండి నానబోసి ఉండేవారు. ఆవిడ లేరన్న దిగులు నీ మెసేజ్‌లో ఎక్కడా రాయలేదు గానీ, నాకు కనపడింది.

అందుకే మా అమ్మకి చెప్పాను. చెప్పగానే రోజులు లెక్కపెట్టుకుంది. వచ్చే శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరుతోంది, శనివారం తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో ఉంటుంది. నువ్వు స్టేషన్‌కి రావద్దు, అన్నయ్యని పంపు. రెండు రోజులు నీ దగ్గరే ఉంటానంది. నెయ్యి వాసన పడుతుందో లేదో అడగమంది, పడకపోతే తక్కువ వేస్తుందట. ఆ ఒక్క ముక్కకి మాత్రం ఇవాళే మెసేజ్ పెట్టు.

నీ
కాకినాడ పిల్ల