ట్రౌట్ వేటకు ముందు పచ్చిక మీద సాధన

సంపాదకులకు,

హిమాచల్‌లోని తీర్థన్ లోయలో ట్రౌట్ అనే చల్లనీటి చేప వేటపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. కానీ ‘రాడ్ (గాలపు కర్ర) అద్దెకు తీసుకుంటే చాలు, మిగతాది ఏటి ఒడ్డునే వచ్చేస్తుంది’ అన్న మాట నమ్మి వెళ్తే, ఉన్న నాలుగు రోజులూ చెట్టుకొమ్మల్లో చిక్కిన గాలాలు విడదీసుకోవడానికే సరిపోతాయి.

మన చెరువు గాలంలో సీసం గుండు దారాన్ని లాక్కుపోతుంది. ట్రౌట్‌ను పట్టే ఫ్లై ఫిషింగ్‌లో ‘ఫ్లై’ అనే, ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగుకు బరువే ఉండదు, బరువంతా లైన్ అనే లావుపాటి దారానిదే. రాడ్‌ను వెనక్కి ఊపాక లైన్ పూర్తిగా సాగేదాకా ఆగాలి. తొందరపడి ముందుకు కొడితే కొరడాలా చెళ్లుమంటుంది, ఫ్లై తెగిపోతుంది. ఈ ఆగడం నేర్చుకోవడానికి హిమాలయాలు అక్కర్లేదు, బడి మైదానం చాలు. 9 అడుగుల 5-వెయిట్ (లైన్ బరువును బట్టి ఇచ్చే నంబరు) రాడ్, లైన్ కొసన కట్టే 9 అడుగుల సన్నని దారం (లీడర్), చివర గాలానికి బదులు ఊలు ముక్క. లైన్ 30 అడుగులు తిన్నగా పడితే చాలు. కొండ ఏళ్లలో అంతకుమించి విసరాల్సిన అవసరం అరుదు.

ఏటి దగ్గరే తెలిసేవి వేరు. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, బండల పక్కన నీరు నెమ్మదించే చోట ఉంటుంది. కాబట్టి దిగువ నుంచి వెళ్లాలి. మీకూ చేపకూ నడుమ వడినీరు లైన్‌ను ఈడిస్తే ఫ్లై నీటికన్నా వేగంగా జారుతుంది, చేప దాన్ని ముట్టదు. లైన్ పడీ పడగానే దాని నడుమ భాగాన్ని ఎత్తి ఎగువకు వేయాలి. ఫ్లైని కట్టే ముడిని ఉమ్మితో తడిపి బిగించాలి. పొడిగా లాగితే రాపిడికి నైలాన్ దెబ్బతిని, చేప పడ్డప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది.

రోడ్డుకు దూరంగా గుడారం వేసేవాళ్లకు ఇంకో సంగతి. ఎండెక్కాక మంచు కరిగి ఏరు పెరుగుతుంది, పొద్దున దాటిన చోటే సాయంత్రం దాటలేకపోవచ్చు. దాటేటప్పుడు వీపుసంచి నడుం బెల్టు విప్పి ఉంచాలి, పడితే సంచిని వదిలించుకోవచ్చు. గాలం కొన దగ్గరుండే ఎదురు ముల్లును ముందే పట్టకారుతో నొక్కేయాలి. చేపను వదలడం తేలిక, వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది.

అన్నట్టు, సంక్రాంతి సెలవుల్లో వెళ్లమన్న మీ వ్యాసంలోని సలహాను సవరించండి. ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం కనుక అక్కడ నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా వేట నిషేధం. మార్చి తర్వాత కూడా మత్స్యశాఖ లైసెన్సు ఉండాల్సిందే.

– ఒక పాఠకుడు, హనుమకొండ